ఎడిసన్‌కి వెళ్ళాలా? వెళ్తే ఏ వీధికి?

ప్రశ్న: మేం జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మావారి ఆఫీసు మాన్‌హటన్‌లో, వారానికి మూడు రోజులు వెళ్ళాలి. నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఇద్దరివీ హెచ్-1బీ వీసాలే. పాపకి ఆరేళ్ళు వస్తాయి, సెప్టెంబరులో ఫస్ట్ గ్రేడ్. ఏటా వేసవికి మా అత్తగారు వచ్చి ఆరు నెలలుంటారు. ఇల్లు చాలడం లేదు. అందుకని న్యూజెర్సీలోనే ఉన్న ఎడిసన్ టౌన్‌షిప్ వైపు చూస్తున్నాం. మావారేమో "అమీర్‌పేట వదిలి ఇంత దూరం వచ్చింది మళ్ళీ అమీర్‌పేటలో ఉండటానికా" అంటారు. మనవాళ్ళు లేని చోటికి వెళ్తే పాప ఒంటరి అయిపోతుందని నా భయం. తెలిసినవాళ్ళు ఒకరు జె.పి. స్టీవెన్స్ హైస్కూలు పరిధిలోనే కొనమన్నారు. ఇంకొకరు ఆ పోటీలో పిల్లలు నలిగిపోతారన్నారు. దక్షిణం వైపు చూద్దామంటే "ఆ ఏరియా బాగోదు" అన్నారు. మాకు కారు కూడా లేదు. అద్దెకి వెళ్ళాలా, కొనుక్కోవాలా? ఈ టెన్షన్‌తో ఇంట్లో రోజూ వాదనే. – ఒక పాఠకురాలు, జెర్సీ సిటీ

జవాబు: వెళ్ళండమ్మా. కానీ ఈ ఏడాది కొనకండి, అద్దెకి వెళ్ళండి. ఎందుకో చెప్తాను.

మీ ఇద్దరి వాదనలోనూ ఒకే తిరకాసు ఉంది. ఎడిసన్ అంతా ఒకే రకంగా ఉంటుందని మీరూ అనుకుంటున్నారు, మీవారూ అనుకుంటున్నారు. ఆయనకి అదే విసుగు, మీకు అదే ధైర్యం. 2020 జనాభా లెక్కల్లో ఆ టౌన్‌షిప్ జనం 1,07,588 మంది. సగానికి పైగా ఆసియా మూలాలవాళ్ళే. ఆ లెక్క విని ఇంకేముంది, అమీర్‌పేటే అనుకోనక్కర్లేదు. ఆ సగంలో గుజరాతీలు, పంజాబీలు, తమిళులు, మనవాళ్ళు, పాకిస్తానీలు, చైనావాళ్ళు, కొరియావాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు అందరూ ఉన్నారు. మిగతా సగంలో తరాలుగా అక్కడే ఉంటున్న ఇటాలియన్, పోలిష్, ఐరిష్ కుటుంబాలు, నల్లజాతివాళ్ళు, ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు, పక్క ఊరు హైలాండ్ పార్క్ అంచున యూదులు. ఎవరి పక్కన ఎవరున్నారన్నది వీధి మారితే మారిపోతుంది. ఊరి పేరు తేల్చుకోగానే పని అయిపోయిందనుకోకండి. అసలు పని వీధి తేల్చుకోవడంలో ఉంది.

ఉత్తరాన ఓక్ ట్రీ రోడ్. ఎడిసన్‌లో కొంత, పక్కనున్న ఐజెలిన్‌లో కొంత. మీవారి అమీర్‌పేట ఇదే, కాదనను. శనివారం సాయంత్రం వెళ్తే పార్కింగ్ దొరక్క కార్లు అక్కడక్కడే తిరుగుతుంటాయి. నగల కొట్ల ముందు పెన్సిల్వేనియా నంబరు ప్లేట్లు, చాట్ బండారాల్లో నిలబడి తినే కుర్రాళ్ళు, ఫుట్‌పాత్ మీద మంకీక్యాప్ పెట్టుకుని కబుర్లాడే తాతగార్లు. ఒక కూరగాయల కొట్లో కాకరకాయల పెట్టె దగ్గర నిలబడి చూడండి. చీరమీద స్వెటర్ వేసుకున్న పెద్దావిడ ముదురువి పక్కకి తోసి లేతవి ఏరుతుంటుంది. అదే పెట్టెలోంచి చైనా ఆవిడ కూడా లేతవే ఏరుతుంటుంది. ఇద్దరూ అదే కాయని పట్టుకుని వదిలేస్తారు, చిన్నగా నవ్వుకుంటారు, నువ్వెలా వండుతావని మాత్రం ఒకరినొకరు అడగరు. పలురకాల జనం ఉన్న ఊళ్ళో రోజువారీ బతుకు చాలావరకు ఇంతే. పక్కపక్కన ఉండటం ఊరే ఇస్తుంది. పలకరింపు మనం చేసుకోవాలి.

మీవారు కోరుకుంటున్నది ఆ పలకరింపే అయితే దానికి మనవాళ్ళు లేని ఊరు వెతకనక్కర్లేదు. మీరు ఇప్పుడుంటున్న జర్నల్ స్క్వేర్ పక్కన ఇండియా స్క్వేరూ ఉంది, ఫిలిప్పీన్స్‌వాళ్ళూ ఉన్నారు, ఈజిప్టువాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఎవరింటికైనా భోజనానికి వెళ్ళారా అని ఆయన్ని అడిగి చూడండి. దెప్పడానికి కాదు. ఇక్కడ జరగనిది అక్కడికి వెళ్ళగానే దానంతట అదే జరగదని తెలియడానికి.

పాప సంగతి దీనికంటే తేలిక. ఆరేళ్ళ పిల్లలకి స్నేహితులు బడిలో, పార్కులో దొరుకుతారు. మీరు చేయాల్సింది ఒక్కటే. వారంలో ఒక పని మనవాళ్ళతో, ఒక పని అందరితో పెట్టుకోండి. మనవాళ్ళతో అంటే మనబడి తెలుగు తరగతులో, శాస్త్రీయ నృత్యమో, బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడో ఏదైనా సరే. అందరితో అంటే టౌన్‌షిప్ నడిపే సాకర్, లేదా లైబ్రరీలో కథలు చెప్పే గంట. ఎడిసన్‌లో మెయిన్ లైబ్రరీ కాక నార్త్ ఎడిసన్‌లో ఒకటి, క్లారా బార్టన్ పేటలో ఒకటి ఉన్నాయి. మనవాళ్ళు చాలామంది ఆటలు కూడా ప్రైవేటు అకాడమీల్లో చేర్పిస్తారు. అక్కడ చూస్తే పిల్లలంతా మనవాళ్ళే, కోచ్ కూడా మనవాడే. టౌన్ టీములో అలా ఉండదు. పిల్లల ఆట జరుగుతుంటే గీత బయట మడతకుర్చీ వేసుకుని గంట కూర్చోవాలి, పక్క కుర్చీలో ఎవరుంటారో మీ చేతిలో లేదు. పరిచయాలు అక్కడే మొదలవుతాయి. ఇంట్లో చేసిన జంతికలు ఒక డబ్బాలో వేసుకెళ్ళండి, అవి ఎవరితోనైనా మాట కలిపిస్తాయి.

"ఆ ఏరియా బాగోదు" అన్న మాట గురించి కాస్త గట్టిగా మాట్లాడాలి. మనవాళ్ళు ఇది చాలా సులువుగా అనేస్తారు. అన్నవాళ్ళని ఒకే ప్రశ్న అడగండి: ఎందుకు బాగోదు? దొంగతనాలు జరుగుతున్నాయా, నీళ్ళు నిలుస్తాయా, రూట్ 1 హైవే మీద లారీల రొదా, ఇంటి ముందు నడవడానికి దారి లేదా? వీటిలో ఏదైనా చెప్తే వినండి, వెళ్ళి చూసుకోండి. ఏమీ చెప్పకుండా గొంతు తగ్గించి "అక్కడి జనం..." అని ఆగిపోతే అసలు కారణం పక్కింటాయన ఒంటి రంగు అన్నమాట. ఆ సలహా అక్కడే వదిలేసి రండి. దక్షిణ ఎడిసన్‌లో క్లారా బార్టన్ వైపు, ఎడిసన్ స్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు, నల్లవాళ్ళు, పాత యూరోపియన్ కుటుంబాలు, మనవాళ్ళు కలిసే ఉంటారు. ఇళ్ళు చిన్నవి, పాతవి, ధర ఉత్తరం కంటే తక్కువ. మీవారు అడుగుతున్న రకరకాల జనం నిజానికి ఎక్కువగా కనబడేది ఇటువైపే. ఎడిసన్‌లో ముందు చూడాల్సిందీ ఇటే.

ఇంకో సంగతి. ఇల్లు చూపించే ఏజెంటుని "ఇక్కడ ఇండియన్స్ ఎక్కువా" అని అడిగితే మాట దాటేస్తాడు. మొహమాటం అనుకోకండి. జాతిని బట్టి, మతాన్ని బట్టి కొనేవాళ్ళని ఒక పేటకి తోలడం, ఇంకో పేటకి పోకుండా చేయడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం నిషిద్ధం. లైసెన్సు పోతుందని వాళ్ళ భయం. మన ఏజెంట్లు కొందరు కన్నుగీటి చెప్తారు, అదీ నమ్మకండి. సాయంత్రం ఆరింటికి, ఆదివారం పొద్దున ఆ వీధిలో నడిచి మీరే చూసుకోండి.

మనవాళ్ళు ఇక్కడ కుదురుకున్నదీ ఉచితంగా కాదు. 1987లో మీరుంటున్న జెర్సీ సిటీలోనే 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న ముఠా బొట్టు పెట్టుకునే ఆడవాళ్ళని, భారతీయుల ఇళ్ళని వెతికి దాడులు చేస్తామని పత్రికకి ఉత్తరం రాసింది. దాడులు జరిగాయి, ప్రాణమూ పోయింది. ఎడిసన్‌లో 2017 స్కూల్ బోర్డు ఎన్నికలప్పుడు చైనా మూలాలున్న అభ్యర్థినీ భారతీయ మూలాలున్న అభ్యర్థినీ దేశం నుంచి పంపేయాలంటూ ఇళ్ళకి కరపత్రాలు వచ్చాయి. ఆ ఇద్దరూ గెలిచారు. అదే ఊరు 2005లో కొరియన్ మూలాలున్నాయన్నీ, 2021లో భారతీయ మూలాలున్నాయన్నీ మేయర్‌గా ఎన్నుకుంది. మన వైపు తప్పు కూడా ఉంది. 2022 ఆగస్టులో ఇండియా డే ఊరేగింపులో, ఇండియాలో ముస్లింల ఇళ్ళ కూల్చివేతకి గుర్తుగా మారిన బుల్డోజర్ తెచ్చి తిప్పారు. దాని అర్థం తెలిసిన ఇక్కడి భారతీయ ముస్లింలు నొచ్చుకున్నారు, నిర్వాహకులు తర్వాత క్షమాపణ చెప్పారు. అక్కడి గొడవలు మూటగట్టుకుని విమానం ఎక్కేవాళ్ళు మనలో ఉన్నారు. ఏదో ఒక పాట్‌లక్‌లో "మీదే ఊరు, మీ ఇంటిపేరేంటి" అని కులం దాకా లాగేవాళ్ళూ తగులుతారు. ఉప్మా బాగుందని చెప్పి ప్లేటు పట్టుకుని లేచి వెళ్ళిపోండి.

ఇక బడి. ఎడిసన్‌లో రెండు ప్రభుత్వ హైస్కూళ్ళు: ఉత్తరాన జె.పి. స్టీవెన్స్, దక్షిణాన ఎడిసన్ హై. మొదటిదానికి చదువులో పెద్ద పేరు. ఆ పేరుకోసమే ఆ పరిధిలో ఇళ్ళ ధర పెరిగింది. అక్కడ చదివేవాళ్ళలో ఆసియా పిల్లలే చాలా ఎక్కువ. ఎడిసన్ హైలో జనం మరింత కలగలుపుగా ఉంటారు. ఆరేళ్ళ పిల్ల హైస్కూలుకి వెళ్ళేసరికి ఎనిమిదేళ్ళు పడుతుంది. ఈలోపు పరిధులు మారవచ్చు, మీ ఉద్యోగాలు మారవచ్చు, గ్రీన్‌కార్డు సంగతి సరేసరి. హైస్కూలు ర్యాంకు చూసి ఫస్ట్ గ్రేడ్ పిల్లకి ఇల్లు కొనడం తొందరపాటు. ఇప్పుడు చూడాల్సింది ఎలిమెంటరీ స్కూలు. క్లాసులో ఎంతమంది, బస్సు వస్తుందా, నడిచి వెళ్ళొచ్చా, పని చేసే తల్లిదండ్రుల కోసం బడి వేళల తర్వాత పిల్లల్ని ఉంచుకునే ఏర్పాటు ఉందా అని అడగండి. బడులు కిక్కిరిసి ఉన్నాయన్న మాట అక్కడ ఏళ్ళ తరబడి వినబడుతోంది. బడుల విస్తరణకి అప్పు తెద్దామంటే 2019 డిసెంబరులో ఓటర్లు వద్దన్నారు కూడా.

ఒక మోసం జరిగే చోటు చెప్తాను. ప్రకటనలో "ఎడిసన్" అని రాసి ఉంటుంది, ఇల్లు చూస్తే ఐజెలిన్‌లో ఉంటుంది. ఐజెలిన్ వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లోది. పన్ను వేరు, బడులు వేరు, అక్కడి హైస్కూలు జాన్ ఎఫ్. కెనడీ. అది చెడ్డదని కాదు, కొందరికి అదే నచ్చుతుంది. కానీ మీరు అనుకున్నదొకటి, దొరికింది ఇంకొకటి కాకూడదు. సంతకం పెట్టకముందే ఇంటి నంబరుతో సహా స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి ఏ బడి వస్తుందో అడగండి. మ్యాపు వెబ్‌సైట్లు చెప్పేది నమ్మొద్దు.

మీవారికి అసలు కష్టం రైలుతో. జర్నల్ స్క్వేర్‌లో మాన్‌హటన్‌కి వెళ్ళే పాత్ రైలు రాత్రంతా నడుస్తుంది, ఒకటి పోతే ఇంకోటి. ఎడిసన్ నుంచి న్యూజెర్సీ ట్రాన్సిట్ వాళ్ళ నార్త్ ఈస్ట్ కారిడార్ లైను ఎక్కాలి. ఐజెలిన్‌లో ఉన్న మెట్రోపార్క్ స్టేషన్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి ముప్పావుగంటకి అటూఇటూగా, ఎడిసన్ స్టేషన్ నుంచి గంటకి కాస్త తక్కువ. వేగంగా పోయే కొన్ని రైళ్ళు మెట్రోపార్క్‌లో ఆగుతాయి, ఎడిసన్‌లో ఆగవు. హడ్సన్ నది కింద ఈ రైళ్ళు దూరేది 1910లో తెరిచిన రెండు సొరంగాల్లోంచే. ఒక దాంట్లో తేడా వస్తే సాయంత్రం పెన్ స్టేషన్‌లో జనమంతా తలెత్తి బోర్డు చూస్తూ నిలబడతారు. ఛార్జీలు 2024 జూలైలో 15 శాతం పెంచారు, ఆపైన ఏటా జూలైలో 3 శాతం చొప్పున పెంచుతున్నారు. ఇల్లు ఖాయం చేయకముందే మీవారిని ఒక మామూలు పనిరోజున పొద్దున రద్దీవేళ అటు నుంచి ఆఫీసుకి వెళ్ళి రమ్మనండి. ఇంటి నుంచి స్టేషన్‌కి ఎలా వెళ్తారు, కారు అక్కడ ఎక్కడ పెడతారు, పార్కింగ్ పర్మిట్ వెంటనే ఇస్తారా అన్నవి కూడా ఆ రోజే తేలాలి. ఇంటి అద్దెలో మిగిలింది కాస్తా నెలపాసుకి, పార్కింగ్‌కి, కారు ఇన్సూరెన్స్‌కి పోతే మిగిలేది ఒక గదే. మీకు ఆ గది అవసరం కాబట్టి అది నష్టం కాదు. లెక్క మాత్రం ముందే వేసుకోండి. కారు తప్పదు. పెట్రోలు బంకులో దిగి కొట్టుకునే పని లేకపోవడం ఒక్కటే ఊరట. అమెరికా మొత్తంలో సొంతంగా కొట్టుకోవడానికి చట్టం ఒప్పుకోనిది న్యూజెర్సీలోనే.

కారు మీద అంతగా ఆధారపడకూడదనుకుంటే మెటచెన్ కూడా చూడండి. ఎడిసన్ మధ్యలో గారె చిల్లులా ఉంటుందా ఊరు, నాలుగు వైపులా ఎడిసనే. పాలన, బడులు వేరు. సొంత రైల్వే స్టేషను, నడిచి తిరగగల మెయిన్ స్ట్రీట్ ఉన్నాయి. అద్దె కాస్త గట్టిగానే ఉంటుంది. మనవాళ్ళు ఉంటారు, కానీ వాళ్ళే ఉండరు. మీ ఇద్దరికీ రాజీ కుదిరే చోటు అదే కావచ్చని నాకనిపిస్తోంది.

మీ ఉత్తరంలో అత్తగారి ప్రస్తావన ఒక్క వాక్యమే ఉంది, ఇల్లు ఎంచుకోవడంలో మాత్రం ఆవిడకి పెద్ద వాటా ఇవ్వాలి. పొద్దున ఎనిమిదింటికి అందరూ ఎవరి పనిలో వాళ్ళు పడితే, సబర్బ్‌లో కారు నడపలేని మనిషి సాయంత్రం దాకా కిటికీ దగ్గరే. జర్నల్ స్క్వేర్‌లో ఆవిడ కిందకి దిగితే నాలుగు కొట్లు, నలుగురు మనుషులు. ఆ అలవాటు పోతే దిగులు పడతారు, ఆ దిగులు చివరికి మీ వంటింట్లోకే వస్తుంది. ఇంటి నుంచి ఒక పార్కుకో, కొట్టుకో, గుడికో నడిచి వెళ్ళగలిగే దారి ఉందా చూడండి. ఎడిసన్‌లో చాలా వీధులకి ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నా మధ్యలో తెగిపోతుంది. పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల్లో అయితే సాయంత్రం పూట తెలుగు, హిందీ మాట్లాడే పెద్దవాళ్ళు లోపలే నడుస్తూ కనిపిస్తారు. మొదటి ఏడాదికి విడి ఇల్లు కంటే అలాంటి కాంప్లెక్సే మేలని చెప్పడానికి సగం కారణం ఆవిడే.

ఇప్పుడు కొనొద్దన్న మాటకి వస్తాను. న్యూజెర్సీలో ఇంటి పన్ను దేశంలోకెల్లా ఎక్కువ. 2024లో రాష్ట్రం మొత్తం మీద సగటు బిల్లు ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. ఇది లోను వాయిదాకి అదనం, లోను తీరాక కూడా తీరదు. ఇద్దరి వీసాలూ ఉద్యోగాలతో ముడిపడి ఉన్నప్పుడు, వీధి ఎలాంటిదో తెలియకుండా ఇంత బరువు ఎత్తుకోవద్దు. ఏడాది ఉన్నాక కొనాలనిపిస్తే రెండు జాగ్రత్తలు. పాత ఇళ్ళ పెరట్లో నేల కింద హీటింగ్ ఆయిల్ ట్యాంకు పూడ్చి ఉండొచ్చు. అది కారితే మట్టి తవ్వించి శుభ్రం చేయించే ఖర్చు కొన్నవాడి నెత్తిన పడుతుంది. మామూలు ఇన్‌స్పెక్షన్‌తో పాటు, నేల కింద ట్యాంకు ఉందా అని వెతికే ట్యాంక్ స్వీప్ విడిగా చేయించండి. రెండోది వరద. 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను మిగులు న్యూజెర్సీలో బేస్‌మెంట్లు ముంచేసింది. 2024 మార్చి నుంచి ఇల్లు అమ్మేవాళ్ళూ అద్దెకిచ్చేవాళ్ళూ వరద ముప్పు సంగతి రాతపూర్వకంగా చెప్పాలన్న చట్టం వచ్చింది. అద్దె ఇంటికీ ఆ కాగితం అడగండి. అడ్వాన్సు కూడా నెలన్నర అద్దెకి మించి తీసుకోకూడదు. "మూడు నెలలివ్వండి, మనవాళ్ళేగా" అంటే మర్యాదగా కుదరదనండి.

వీసా విషయం చిన్నదే, మరవొద్దు. మీరు ఇంటి నుంచి పని చేస్తారు కాబట్టి మీ ఇల్లే ఒక పనిస్థలం. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ న్యూయార్క్ మహానగర ప్రాంతంలోనే లెక్క, అందుకని మామూలుగా కొత్త పిటిషన్ వేయనక్కర్లేదు. అయినా మారకముందే ఇద్దరి కంపెనీల లాయర్లకీ మెయిల్ పెట్టండి, కొత్త ఇంటి దగ్గర అతికించాల్సిన నోటీసులాంటివి వాళ్ళు చెప్తారు. మారాక పది రోజుల్లోపు ఇంట్లో అమెరికా పౌరులు కాని ప్రతి ఒక్కరికీ, పాప కూడా పౌరురాలు కాకపోతే తనకీ, విడివిడిగా చిరునామా మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి.

బడి సెప్టెంబరులో తెరుస్తారు. చేర్చుకోవడానికి లీజు కాగితం, చిరునామా ఉన్న బిల్లులు, పాప టీకాల రికార్డు అడుగుతారు. కాబట్టి జూలై ఒకటికల్లా తాళాలు మీ చేతిలో ఉండాలి. ఇప్పుడున్న ఇంటివాళ్ళకి ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలో మీ లీజులో ఈ రాత్రే చూసుకోండి. మీవారిని మొదట మెటచెన్‌కి తీసుకెళ్ళండి, ఓక్ ట్రీ రోడ్ మధ్యాహ్నం భోజనానికి అట్టే పెట్టండి.